పంపింది పేపాలే, రాసింది దొంగ

పొద్దున్నే మెయిల్ తెరిస్తే పైనే ఒక ఇన్వాయిస్, అంటే డబ్బు కట్టమనే బిల్లు, కనబడుతుంది. పంపినవారి పేరు పేపాల్, అంటే నెట్‌లో డబ్బు చెల్లింపులు నడిపే సంస్థ; పంపిన చిరునామా సర్వీస్ ఎట్ పేపాల్ డాట్ కామ్. ఖరీదైన ల్యాప్‌టాప్ ఒకటి కొన్నట్లు, అందుకు 699.99 డాలర్లు కట్టవలసి ఉన్నట్లు అందులో ఉంటుంది. నీలిరంగు లోగో, దాని కింద బటన్, అట్టడుగున ఎవరూ చదవని చిన్న అక్షరాల షరతులు, అన్నీ ఉండవలసిన చోటనే ఉంటాయి. మధ్యలో అమ్మకందారు సూచన కోసం వదిలిన గడిలో మాత్రం రెండు వాక్యాలు కనిపిస్తాయి: ఈ మొత్తం 24 గంటల్లో మీ ఖాతా నుంచి కోత పడుతుంది, ఈ కొనుగోలు మీరు చేయకపోతే వెంటనే ఈ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయండి. ఈ మెయిల్ ఎక్కడి నుంచి బయలుదేరిందో ఎంత కూలంకషంగా పరీక్షించినా దొంగ మెయిల్ అని తేలదు, ఎందుకంటే దాన్ని పంపింది నిజంగానే పేపాల్ సర్వర్లు. అబద్ధమంతా ఆ ఒక్క గడిలో ఉంది.

దీని వెనుక సాంకేతికమైన మాయ ఏమీ లేదు. పేపాల్‌లో ఖాతా ఉన్న వ్యాపారి ఎవరైనా, అవతలివారి మెయిల్ చిరునామా తెలిస్తే చాలు, ఇన్వాయిస్ పంపవచ్చు. దాన్ని తన మూసలో పోసి, తన ముద్ర వేసి చేరవేసేది పేపాల్. ఖాళీ గడిలో ఏమి రాయాలన్నది పంపేవాడి ఇష్టం. 2022లో అమెరికాలో ఇలాంటి ఇన్వాయిస్‌లు విరివిగా వెలుగులోకి వచ్చాయి. 2025 ఆరంభంలో అదే ఎత్తు ఇంకో రూపం తొడిగింది. మోసగాడు తన సొంత ఖాతాలో కొత్త చిరునామా ఒకటి చేర్చి, ఇంటి నంబరు, వీధి పేరు రాయవలసిన చోట ‘మీ ల్యాప్‌టాప్ ఆర్డరు ఖరారైంది, మీది కాకపోతే ఫలానా నంబరుకు ఫోన్ చేయండి’ అని రాశాడు. కొత్త చిరునామా చేరినప్పుడు ధ్రువీకరణ మెయిల్ పంపడం పేపాల్ పద్ధతి కాబట్టి ఆ వాక్యం కూడా సంస్థ ముద్రతోనే బయటికి వచ్చింది. అక్కడి నుంచి దాన్ని ఒక మెయిలింగ్ జాబితా ద్వారా అనేకమందికి మళ్లించారు. రిజిస్టరు పోస్టులో వచ్చినంత మాత్రాన కవరు లోపలి నోటీసు నిజం కాదని మనకు తెలుసు. మెయిల్ విషయంలో ఆ తెలివిడి ఇంకా అలవాటు కాలేదు.

పాతికేళ్లుగా వినియోగదారులకు నేర్పుతూ వచ్చిన పాఠమంతా ‘దొంగ మెయిల్‌ను గుర్తుపట్టండి’ అన్న ఒక్క మాట చుట్టూనే తిరిగింది. అక్షరదోషాలు చూడండి, పంపిన చిరునామా చూడండి, తాళం గుర్తు చూడండి అంటూ ఒక్కో కాలంలో ఒక్కో గుర్తు చెప్పారు. ఆ గుర్తులు తప్పుడివని కాదు. అయితే ప్రజలకు ఒక గుర్తు అలవాటయ్యేసరికి దాన్ని దాటే దారి మోసగాళ్లకు దొరుకుతూ వచ్చింది.

పేపాల్ ఈ కథలో మొదటి నుంచీ ఉంది. 1998 డిసెంబరులో కాన్ఫినిటీ పేరుతో పుట్టి, 2002లో ఆన్‌లైన్ వేలం సంస్థ ఈబే చేతికి 150 కోట్ల డాలర్లకు వెళ్లిన ఈ సంస్థ ఖాతాకు మెయిల్ చిరునామానే ఆధారంగా చేసుకుంది. డబ్బు వచ్చినా పోయినా కబురు మెయిల్‌లోనే వచ్చేది, మెయిల్‌లోని లింకు నొక్కి ఖాతాలోకి వెళ్లడం జనానికి అలవాటైంది. మోసగాళ్లు వాడుకున్నది ఆ అలవాటునే. 2000వ సంవత్సరంలోనే పేపాల్ పేరు చివరన ఉండే చిన్న ‘ఎల్’ స్థానంలో పెద్ద ‘ఐ’ పెట్టిన నకిలీ సైటు ఒకటి బయటపడింది. అప్పటి కంప్యూటర్ తెరలపై వాడే అనేక ఫాంట్లలో ఆ రెండు అక్షరాలకు తేడా కనబడదు. పొట్టలో చుక్క ఉందో లేదో చూసుకోకపోతే మనం ‘థ’ను ‘ధ’గా చదివేసినట్లే ఇదీను. 2005లో భద్రతా పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇంగ్లిష్ ‘ఎ’ స్థానంలో అచ్చం దానిలాగే ఉండే రష్యన్ లిపి అక్షరం పెట్టి పేపాల్ చిరునామాను రూపొందించి చూపారు. అక్కడ కంటికి ఆనే తేడా అంటూ ఏమీ లేదు. ఆ తర్వాత బ్రౌజర్లు ఇలాంటి కలగాపులగపు చిరునామాలను అసలు రూపంలో కాకుండా అర్థంకాని సంకేతాల వరుసగా చూపించడం మొదలుపెట్టాయి. కన్ను ఎంత తేలిగ్గా మోసపోతుందో తెలియడానికి 2006 నాటి ఒక అమెరికన్ విశ్వవిద్యాలయ పరిశోధన చాలు: 22 మందికి రకరకాల సైట్లు చూపి అసలేదో నకిలీ ఏదో చెప్పమంటే, ఒక బ్యాంకు పేరులోని ‘డబ్ల్యూ’ బదులు రెండు ‘వీ’లు పక్కపక్కన పెట్టిన నకిలీ సైటును 90 శాతం మంది అసలుదే అన్నారు. వారికి ముందే హెచ్చరిక ఉంది, నకిలీలను పట్టుకోవడమే వారి పని. పనుల హడావిడిలో మెయిల్ చూసేవారి పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని అనుకోలేం.

పంపిన చిరునామా సంగతి ఇంకా విచిత్రం. మెయిళ్లను చేరవేసే ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతి 1982లో, ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల లోకంలో రూపుదిద్దుకుంది. అందులో ‘నుంచి’ అన్న గడిలో ఏ పేరు రాసినా అడిగేవారు లేరు. కవరు వెనుక పంపినవారి చిరునామా దగ్గర కలెక్టరు కార్యాలయం అని రాసి పోస్టు డబ్బాలో వేస్తే ఎవరూ ఆపనట్లే. ఈ లోపాన్ని పూడ్చడానికి తర్వాత మూడు ఏర్పాట్లు వచ్చాయి. ఫలానా డొమైన్ (పేపాల్ డాట్ కామ్ లాంటి నెట్ చిరునామా) పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో ప్రకటించేది ఎస్‌పీఎఫ్. మెయిల్ మీద మార్చడానికి వీల్లేని డిజిటల్ సంతకం వేసేది డీకిమ్. ఈ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో డొమైన్ యజమానే చెప్పే వీలు కల్పించేది డీమార్క్. వీటిని ముందుకు నడిపిన సంస్థల్లో పేపాల్ ఉంది. తన సంతకం లేని మెయిల్ తన పేరుతో వస్తే అడ్డుకోవాలని 2007లో యాహూతో, 2008లో జీమెయిల్‌తో ఏర్పాటు చేసుకుంది. 2012 జనవరిలో డీమార్క్‌ను ప్రకటించిన బృందంలోనూ ఉంది. దీని ఫలితంగా పేపాల్ అసలు డొమైన్‌ను ఫోర్జరీ చేసి పెద్ద మెయిల్ సంస్థల గడప దాటడం కష్టమైంది.

కష్టమైంది గానీ, మోసం ఆగలేదు. చిరునామా పక్కన కనిపించే పేరు మీద ఈ పరీక్షలకు అధికారం లేదు. ఎవరో సామాన్య జీమెయిల్ ఖాతా తెరిచి, పేరు దగ్గర ‘పేపాల్ సపోర్ట్’ అని పెట్టుకుంటే, ఫోన్ తెరపై మొదట కనబడేది ఆ పేరే. దాని మీద వేలు నొక్కితే తప్ప వెనుకనున్న చిరునామా బయటపడదు. నొక్కి చూడటం మంచి అలవాటే, పాత రకం నకిలీలు చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

లింకు ఎక్కడికి పోతుందో చదవడం కూడా నేర్చుకోదగినదే, తెలుగువారు ఇందులో ఒక చోట పొరబడే అవకాశం ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత వస్తుంది. వెబ్ చిరునామాకు ఇంటిపేరు చివర ఉంటుంది. ‘పేపాల్ డాట్ కామ్ డాట్ సెక్యూర్-లాగిన్ డాట్ ఇన్ఫో’ అని ఉంటే అది పేపాల్ వారి ఇల్లు కాదు, ‘సెక్యూర్-లాగిన్ డాట్ ఇన్ఫో’ అనే ఇంటివారు తమ పిల్లవాడికి పేపాల్ అని పేరు పెట్టుకున్నారని అర్థం. మొదట్లో వచ్చే జంట గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి, అంటే కుడి నుంచి ఎడమకు చదివితే యజమాని ఎవరో తెలుస్తుంది. ఆ గీత తర్వాత ఎన్నిసార్లు పేపాల్ అని రాసినా దానికి విలువ లేదు. కంప్యూటర్‌లో లింకు మీద మౌస్ ఉంచితే, ఫోన్‌లో లింకును కాసేపు నొక్కి పట్టుకుంటే అసలు చిరునామా కనబడుతుంది. అయితే మెయిల్‌లో లింకుకు బదులు క్యూఆర్ కోడ్ ఉంటే ఈ విద్య పనిచేయదు. చుక్కల గళ్లను మనిషి చదవలేడు. కంప్యూటర్‌లో చూస్తున్న మెయిల్‌ను ఫోన్‌తో స్కాన్ చేయమని అడగడంలో ఉద్దేశమే అది.

తాళం గుర్తు మీద నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది కాబట్టి దాని గురించి చెప్పక తప్పదు. ఆ గుర్తుకు అర్థం ఒక్కటే: మీకూ ఆ సైటుకూ మధ్య నడిచే సంభాషణను దారిలో ఇంకొకరు వినలేరు. ఆ సైటు ఎవరిదన్న హామీ అందులో లేదు. ఆ గుర్తు రావడానికి సైటుకు కావలసిన సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2016 జనవరి నుంచి 2017 మార్చి ఆరంభం దాకా జారీ చేసిన వాటిలో, పేపాల్ అనే మాట ఉన్న సర్టిఫికెట్లు 15,270 అని అప్పట్లో లెక్క తేలింది. వాటిలో నూటికి 96కు పైగా మోసపు సైట్లవేనని అంచనా. అంటే దొంగలకు కూడా తాళాలు దొరికాయి. ఈ గుర్తు జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని గ్రహించి 2023లో క్రోమ్ బ్రౌజర్ దాన్ని తీసేసింది.

అక్షరదోషాల మాట చెప్పుకోవలసింది పెద్దగా లేదు. యంత్రమే తప్పుల్లేని ఇంగ్లిష్ రాసిపెడుతున్న ఈ రోజుల్లో, తప్పులుంటే అనుమానించాలి, తప్పులు లేకపోతే నమ్మాలి అన్న సూత్రంలో రెండో సగం పనికిరాదు.

ఓటీపీ ఉంది కదా అన్న ధీమా కూడా కొంతవరకే. నకిలీ పేజీలో టైపు చేసిన పాస్‌వర్డ్‌ను అవతలి యంత్రం అప్పటికప్పుడు అసలు సైటులో నింపుతుంది. అసలు సైటు ఓటీపీ పంపుతుంది. ఆ ఓటీపీని కూడా బాధితుడు నకిలీ పేజీలోనే కొడతాడు. క్షణాల్లో ఖాతా చేజారుతుంది. ఈ పద్ధతికి నిజంగా అడ్డుకట్ట వేసేది పాస్‌వర్డ్‌కు బదులుగా వాడే పాస్‌కీ. అది ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండి, తాను పుట్టిన డొమైన్‌కు తప్ప ఇంకెవరికీ జవాబివ్వదు, కాబట్టి ‘ఎల్’కు బదులు ‘ఐ’ పెట్టి దాన్ని మోసం చేయలేరు. ఈ ప్రమాణాల కోసం 2013లో ప్రకటించిన ఫిడో అలయన్స్ వ్యవస్థాపకుల్లో పేపాల్ ఒకటి. తన ఖాతాదారులకు పాస్‌కీలను 2022లో అందించడం మొదలుపెట్టింది. పాస్‌వర్డ్‌లను గుర్తుంచుకుని తానే నింపే సాధనం వాడేవారికి కూడా ఇలాంటి కాపలా ఒకటి ఉంది. రోజూ తనంతట తాను నింపే సాధనం ఈ రోజు ఊరుకుందంటే, వచ్చిన చోటు వేరన్నమాట. అప్పుడు విసుక్కుని పాస్‌వర్డ్‌ను చేత్తో టైపు చేయడం, కాపలాదారును తోసుకుని లోపలికి వెళ్లడంతో సమానం.

ఇప్పుడు మళ్లీ ఆ ఇన్వాయిస్ దగ్గరికి రావాలి. పై పరీక్షలన్నిటిలోనూ అది నెగ్గుతుంది. చిరునామా నిజం, సంతకం నిజం, లింకు నిజం, భాష శుభ్రం. జీమెయిల్‌లో అసలు మెయిల్ పాఠాన్ని తెరిచి చూస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా ‘పాస్’ అనే ఉంటుంది. ఒక్క చోట కొన్నిసార్లు జాడ దొరుకుతుంది: ‘ఎవరికి’ అన్న గడి. ఒకే ఇన్వాయిస్‌ను ఎక్కువమందికి చేరవేయడానికి మోసగాళ్లు తాము సృష్టించిన మెయిలింగ్ జాబితాకు దాన్ని రప్పించుకుని, అక్కడి నుంచి అందరికీ మళ్లిస్తారు. అలాంటప్పుడు ఆ గడిలో మన చిరునామా కాకుండా ఎన్నడూ వినని చిరునామా ఉంటుంది. కానీ నేరుగా మన పేరుకే పంపితే ఈ జాడ కూడా ఉండదు.

అందుకే అడగవలసిన ప్రశ్న మారాలి. ‘ఈ మెయిల్ అసలుదా, నకిలీదా’ అన్నది నిపుణులు తేల్చవలసిన ప్రశ్న, ఒక్కోసారి వారికీ తేలదు. ‘ఈ మెయిల్ చెప్పిన పనిని ఈ మెయిల్‌లోంచే చేయాలా’ అన్న ప్రశ్నకు మాత్రం ఎవరైనా జవాబు చెప్పగలరు, ఆ జవాబు ఎప్పుడూ ఒకటే. మెయిల్ మూసేసి, ఫోన్‌లో ముందే ఉన్న యాప్‌ను తెరిచి, లేదా చిరునామాను సొంతంగా టైపు చేసి ఖాతాలోకి వెళ్లి లావాదేవీల పట్టిక చూస్తే చాలు. డబ్బు నిజంగా పోయి ఉంటే అక్కడ కనబడుతుంది. మెయిల్ నకిలీ అయినా అసలైనా ఈ దారిలో నష్టం లేదు. మహా అయితే అర నిమిషం ఆలస్యం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పేపాల్ ద్వారానే వచ్చిన దొంగ ఇన్వాయిస్ ఖాతాలోకి వెళ్లి చూసినా కనబడుతుంది. ‘యాప్‌లో కూడా ఉంది, అంటే నిజమే’ అని కంగారుపడేవారు ఉన్నారు. ఇన్వాయిస్ అంటే డబ్బు అడగడం, తీసుకోవడం కాదు. కిరాణా కొట్టతను ఎవరి పద్దో మన పేరున రాసి చీటీ పంపితే మన జేబు ఖాళీ కాదు; మనం వెళ్లి కడితేనే అవుతుంది. చెల్లించని ఇన్వాయిస్ పక్కన చెల్లించలేదనే ఉంటుంది. దాన్ని అక్కడే రద్దు చేయవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు కట్టకపోవడంతో పాటు ముఖ్యంగా చేయకూడనిది ఆ గడిలోని నంబరుకు ఫోన్ చేయడం, ఎందుకంటే ఈ మోసానికి లింకుతో పనిలేదు, మెయిల్ కేవలం ఎర. అసలు గాలం ఫోన్‌లో ఉంది.

ఫోన్ ఎత్తేవారు మర్యాదగా మాట్లాడతారు. ఖాతా హ్యాక్ అయిందని, తామే సరిచేస్తామని, అందుకోసం ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమని చెబుతారు. అది వేసుకోగానే తెర వారి చేతికి వెళుతుంది. తర్వాత జరిగే నాటకంలో ఒక ఘట్టం తరచుగా కనబడుతుంది: రిఫండు పేరిట బ్యాంకు ఖాతా తెరిపించి, బ్రౌజర్‌లో ఆ పేజీ పాఠాన్నే మార్చి, 500 డాలర్లకు బదులు 5,000 పొరపాటున జమ అయినట్లు చూపిస్తారు. బ్యాంకులో మారిందేమీ లేదు, మారింది తెర మీది అంకె. ‘నా ఉద్యోగం పోతుంది, అదనంగా వచ్చింది తిరిగి పంపండి’ అని బతిమాలుతూ గిఫ్ట్ కార్డులు కొనిపించి, వాటి వెనుక అంకెలు చదివించుకుంటారు. ఈ ఫోన్లు ఎత్తేవారు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారనుకోనక్కరలేదు. 2025 మార్చిలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక కాల్ సెంటర్‌పై దాడి చేసి అరవై మందికి పైగా అరెస్టు చేసింది. పేపాల్ ప్రతినిధులమని చెప్పి అమెరికాలోని ఖాతాదారులను మోసగిస్తున్నారన్నది అభియోగం. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు అలాంటి మెయిల్ అందితే, అవతల మాట్లాడే గొంతు మాదాపూర్ నుంచే వినిపించవచ్చు.

మన దేశంలోని పేపాల్ ఖాతాదారులకు రెండు విషయాలు ప్రత్యేకంగా పనికివస్తాయి. దేశం లోపలి చెల్లింపుల సేవను పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది, విదేశాల నుంచి వచ్చే చెల్లింపులకే ఇక్కడ అది ప్రధానంగా పనికివస్తోంది. కాబట్టి హైదరాబాద్ దుకాణంలో పేపాల్ ద్వారా రూపాయల్లో కొన్నట్లు వచ్చిన మెయిల్ చదవడానికే అర్హత లేనిది. రెండోది, వరంగల్‌లోనో విజయవాడలోనో ఇంట్లో కూర్చుని విదేశీ క్లయింట్లకు డిజైన్లు, కోడింగ్, అనువాదాలు చేసే ఫ్రీలాన్సర్లకు సంబంధించినది. వారికి భయపెట్టే మెయిల్ కంటే తీపి కబురు తెచ్చే మెయిల్ ఎక్కువ ప్రమాదకరం. ‘మీకు 650 డాలర్లు వచ్చాయి, కానీ ఖాతాను వ్యాపార స్థాయికి మార్చేదాకా నిలిపి ఉంచాం; అందుకు రుసుము పంపండి’ అని ఒకటి వస్తుంది. వస్తువులు అమ్మేవారికైతే ‘సరుకు పంపి ట్రాకింగ్ నంబరు ఇస్తే సొమ్ము విడుదల చేస్తాం’ అని వస్తుంది. నెల రోజులుగా డబ్బు కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఆ మెయిల్‌ను అనుమానించాలని అనిపించదు. లావాదేవీల పట్టికలో ఆ 650 డాలర్లు కనబడకపోతే అవి రాలేదనే, క్లయింటు ఎంత ఒట్టుపెట్టినా సరే.

అప్పటికే లింకు నొక్కి వివరాలు ఇచ్చేసినవారు మొదట కాపాడుకోవలసింది మెయిల్ ఖాతాను. దాని పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించి, ఆ తర్వాత పేపాల్ పాస్‌వర్డ్ మార్చాలి. మెయిల్ చేతిలో ఉన్నవాడికి మిగతా పాస్‌వర్డ్‌లన్నీ తిరిగి తెప్పించుకోవడం పెద్ద పని కాదు. మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్ల దగ్గర తాము పెట్టనిది ఏదైనా ఉందేమో చూడాలి. బ్యాంకు నుంచి వచ్చే హెచ్చరికలను చెత్తబుట్టలోకి నెట్టే నియమం ఒకటి చడీచప్పుడు లేకుండా చేర్చి పోవడం మోసగాళ్లకు మామూలే. ఎనీడెస్క్ వంటిది వేసుకుని ఉంటే నెట్ కనెక్షన్ ఆపేసి దాన్ని తొలగించాలి. మెయిల్‌ను తుడిచేయకుండా, ఫిషింగ్ ఎట్ పేపాల్ డాట్ కామ్ చిరునామాకు పంపితే సంస్థ పరిశీలిస్తుంది.

మన దేశంలో బ్యాంకు ఖాతా లేదా కార్డు నుంచి డబ్బు పోతే బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకూ వెంటనే చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో తెచ్చిన నియమాల ప్రకారం తప్పు ఖాతాదారుదీ కాక, బ్యాంకుదీ కాక మూడో చోట జరిగి, మూడు పనిదినాల్లో ఫిర్యాదు అందితే ఖాతాదారుపై భారం పడదు. వివరాలు తానే చెప్పుకున్న ఖాతాదారుడైతే ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా అతనిదే, ఫిర్యాదు తర్వాత పోయేది బ్యాంకుది. ఫిర్యాదు ఏ నిమిషంలో అందిందన్న దాని మీదే లెక్క మారుతుంది కాబట్టి, అందినట్లు బ్యాంకు ఇచ్చే నంబరునూ, సమయాన్నీ అక్కడికక్కడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.